పర్లాకిమిడిలో వెండి పని నేర్పే ఆచారిగారి కొట్టు: నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఉంగరం చేసుకుని ఫొటో దిగి సాయంత్రానికి ఇంటికెళ్లిపోదాం అనుకునేవాళ్లకి ఈ చోటు సరిపడదు. పెద్ద సిటీల్లో రెండు గంటల వెండి వర్క్‌షాపులు పెడుతున్నారు కదా, అలాంటిది ఒకటి నేనూ చేశాను, పేరు ఎందుకులెండి, అక్కడ కోసేది వాళ్లే, అతికేది వాళ్లే, మన చేతికి ఎమరీ పేపర్ ఇచ్చి రుద్దమంటారు, చివర్లో ఒక గుడ్డ సంచీలో పెట్టి ఇస్తారు. ఉంగరం బాగానే ఉంది, పని మాత్రం ఒక్క ముక్క రాలేదు. అసలు లోహం సుత్తి కింద ఎలా కదుల్తాది, ఎప్పుడు కాల్చాలి, ఎప్పుడు ఆపాలి, ఇవి తెలియాలంటే ఎక్కడికెళ్లాలి అని వెతుకుతుంటే మా ఊళ్లోనే, ఒడిశా సరిహద్దులో ఉన్న పర్లాకిమిడి బజారు వెనక సందులో, దొరికింది.

కొట్టు అంటే కొట్టే, ఇన్‌స్టిట్యూట్ కాదు. ముందు ఒక బల్ల, అద్దాల పెట్టెలో నాలుగు జతల పట్టీలు, మెట్టెలు, కుంకుమ భరిణెలు, వెనక ఒక పొడుగాటి గది. బోర్డు ఒడియాలో ఉంటాది, మాటలు తెలుగులో నడుస్తాయి, మధ్యలో ఒడియా కుర్రాళ్లు వస్తే ఆచారిగారు అదే ఊపులో ఒడియాలోకి మారిపోతారు, వాళ్లు ఆయన్ని మఉసా, అంటే బాబాయి, అంటారు, మేం ఆచారిగారు అంటాం. పాతపట్నం వైపు నుంచి కూడా ఇద్దరు ఆటోలో వచ్చి నేర్చుకుంటున్నారు, దారిలో రాష్ట్రం మారినట్టు కూడా తెలీదు. కొండల మీద నుంచి సవరవాళ్లు కడియాలు బాగుచేయించుకోడానికి వస్తారు, ఆ పని వచ్చినప్పుడు పాఠం ఆగిపోద్ది, అందరం చుట్టూ చేరి చూస్తాం. నాకైతే ఆ చూడ్డమే సగం పాఠం.

ఫీజు నెలకి 3,000. వారానికి నాలుగు రోజులు, పొద్దున్న పూట. రాగి రేకు ఆయనే కొని తెస్తారు, కొన్న రేటుకే ఇస్తారు, వెండి మాత్రం మనదే. సర్టిఫికెట్ లేదు, అడిగితే నవ్వుతారు.

ఇక అసలు విషయం. ఇక్కడ వెండి ముట్టుకోనివ్వరు, చాలా కాలం. అంతా రాగి మీదే. దీని గురించి కొంతమంది గొణుగుతారు, వెండి పని నేర్పుతానని చెప్పి రాగి కొట్టిస్తున్నాడేటి అని. లెక్క చూస్తే ఆయన చెప్పిందే రైటు. చిన్న పాలగిన్నె చేయాలంటే, మూతి ఏడు సెంటీమీటర్లు లోతు మూడు అనుకోండి, ఆ రెండూ కలిపితే వచ్చే పది సెంటీమీటర్ల బిళ్ల కావాలి సుమారుగా, అదే ఆయన కొలత. ఒక మిల్లీమీటరు మందంలో ఆ బిళ్ల రాగిలో అయితే 70 గ్రాములు, 925 వెండిలో (వెయ్యికి 925 పాళ్లు వెండి, మిగతాది రాగి) అయితే 81 గ్రాములు తూగుతాది, అందులో అసలు వెండే 75 గ్రాములు. 2025లో కిలో లక్ష దాటిపోయింది, ఆ లక్ష లెక్కనే చూసుకున్నా 7,500 రూపాయలు, చిట్లిపోతే మళ్లీ కరిగించాలి, రేకు తీయాలి. రాగి అయితే పక్కన పడేసి ఇంకోటి తీసుకోవడమే. పైగా చల్లగా కొట్టడం, గట్టిపడితే కాల్చడం, ఈ పద్ధతి రెండింటికీ ఒకటే. ఒక్క తేడా, శుద్ధ వెండి రాగి కంటే మెత్తన, 925 మాత్రం కాస్త గట్టిది, అయినా రాగి మీద చేయి కుదిరినోడికి వెండి లొంగుద్ది.

మొదట చింత మొద్దు. పెద్ద చింత దుంగని అడ్డంగా కోసి పైన గుంట తొలిచి ఉంటాది. బిళ్ల అంచుని ఆ గుంట మీద పెట్టి గుండ్రటి మొహం ఉన్న సుత్తితో అంచు నుంచి లోపలికి వలయాలుగా కొట్టుకుంటూ రావాలి. రెండో రౌండుకే అంచు అప్పడంలా అలలు తేలుద్ది. ఆ అలల్ని వెంటనే కొయ్య సుత్తితో సర్దాలి, వదిలేస్తే ఒకదాని మీద ఒకటి మడత పడతాయి, మడత పడ్డచోట తర్వాత చీలిక వచ్చి తీరుద్ది. ఇది వీడియోల్లో కూడా చెప్తారు గానీ, ఏ అల సర్దుకుపోద్ది ఏది మడత పడబోతంది అన్నది పక్కన మనిషి కూర్చుని వేలు పెట్టి చూపిస్తేనే తెలుస్తాది.

తర్వాత కాల్చడం. ఈ కొట్టుకి నేను మార్కులు వేసేది ఇక్కడే. మామూలుగా నేర్పేవాళ్లు ఎర్రగా అయ్యేదాకా కాల్చు అని వదిలేస్తారు. ఈయన కిటికీకి గోనె సంచి అడ్డంగా కట్టించి చీకటి చేయిస్తారు ముందు, ఎందుకంటే 925 వెండికి కావాల్సింది మసకమసక ఎరుపు, 650 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పగటి వెలుగులో అది కళ్లకి ఆనదు, వెలుగులో కూడా ఎర్రగా కనబడుతోందంటే అప్పటికే దాటిపోయాం అన్నమాట. 925 వెండి పూర్తిగా కరిగేది 890 చిల్లర దగ్గరే అయినా 800 దాటగానే మెత్తబడి కుంగడం మొదలవుద్ది, శుద్ధ వెండి అయితే 961 దాకా ఓర్చుకుంటాది, రాగి 1,084 దాకా. కరగకపోయినా ఎక్కువ కాలిస్తే లోహం లోపలి గింజలు, అంటే స్ఫటికాలు, పెద్దవైపోయి తర్వాత సుత్తి దెబ్బకి పైన గరుకు తేలుద్ది, ఎంత మెరుగు పెట్టినా పోదు. తక్కువ కాలిస్తే మెత్తబడదు, కొడితే చిట్లుద్ది. ఎరుపు పోయాకనే నీళ్లలో ముంచాలి, ఎర్రగా ఉండగా ముంచితే వంకర తిరిగే ప్రమాదం ఉంది.

ఎప్పుడు కాల్చాలి అన్నది ఆయన చెవితో చెప్తారు. పొడుగు గదిలో నలుగురు కొడుతుంటే అటు తిరిగి టీ తాగుతూ ఉండి, "ఏయ్ బాబూ, ఇనబడతందా? గొంతు మారిపోనాది. ఇంక కొట్టీకు, కాల్చీ" అంటారు. మొదట్లో గొప్పలు అనుకున్నాం, కొన్నాళ్లకి మాకూ వినబడ్డం మొదలైంది. కాల్చిన రేకు సుత్తి కింద మొద్దుగా పలుకుతాది, గట్టిపడేకొద్దీ మోగుతాది, సుత్తి కూడా వెనక్కి తంతాది. దెబ్బలు పడేకొద్దీ లోపల స్ఫటికాలు ఒకదానికొకటి చిక్కుకుని జరగడానికి చోటు లేకుండా పోవడం వల్ల ఇదంతా, వేడి తగిలితే అవి మళ్లీ కొత్తగా ఏర్పడతాయి, మెత్తబడతాది. ఆయన ఈ స్ఫటికాల గోల చెప్పరు, అది నేను చదువుకున్నది, ఆయన చెప్పేది "అలిసిపోనాది, పడుకోబెట్టీ" అని.

మొద్దు మీద బిళ్లకి గుంట వచ్చాక బోర్లించి దాకలి, అంటే ఇనప దిమ్మె, మీదకి ఎక్కించాలి. ఇది మొదటిదానికి పూర్తిగా రివర్సు పని. లోపలి నుంచి సాగదీసేది కాదు, బయటి నుంచి కొట్టి మూతి చిన్నది చేస్తూ గోడ నిలబెట్టడం. అడుగు ఎంత కావాలో కంపాస్‌తో గీసుకుని, ఆ గీత దాటిన చోట నుంచి మొదలెట్టి అంచు దాకా వలయాలుగా రావాలి, దెబ్బ పడేది దాకలికి రేకు ఆనిన చోట కాదు, ఆనిన చోటికి కాస్త పైన, గాలిలో ఉన్న చోట, అప్పుడే లోహం లోపలికి కుంచించుకుంటాది. సరిగ్గా ఆనిన చోట కొడితే నలిగి పల్చబడిపోద్ది, అంతే. బిళ్ల బయటివైపు మధ్యలో పంచ్‌తో పెట్టిన చుక్కని చివరిదాకా చెరగనివ్వకూడదు, ప్రతి రౌండుకీ కంపాస్ కాలు అక్కడే పెట్టి వలయాలు మళ్లీ గీయాలి, చుక్క పోయిందంటే గిన్నె ఒరిగిపోతాది. ఒక రౌండు, కాల్చడం, పులుపు నీళ్లు (కాల్చిన మసి పొర పోవడానికి ఆమ్లం కలిపిన నీళ్లు), కడగడం, మళ్లీ రౌండు. విసుగు పుట్టే పని, నిజం చెప్తున్నా. ఓపిక లేనివాళ్లు ఇక్కడే మానేస్తారు.

ఆఖర్న సమం చేసే సుత్తి, అద్దంలా మెరిసే మొహం ఉన్నది, దాన్ని ఆయన గుడ్డలో చుట్టి విడిగా దాచుకుంటారు, ఇంకే పనికీ ముట్టనివ్వరు, ఎందుకంటే సుత్తి మొహం మీద గీత ఉంటే ఆ గీత ప్రతి దెబ్బకీ గిన్నె మీద అచ్చు పడుద్ది. చిన్న దెబ్బలు, ఒకదాని మీద ఒకటి సగం పడేలా. ఇక్కడ కూడా చెవే, లోపల దాకలి ఆనిన చోట టంగుమంటాది, ఆననిచోట బొంగురుగా పలుకుతాది.

అతుకు పనిలో వెలిగారం (బోరాక్స్) నీళ్లలో అరగదీసి రాయడం, టంకం, అంటే కరిగి అతుకు వేసే లోహం, చిన్న ముక్కలుగా కత్తిరించి పెట్టడం, మంట ముక్కల మీద కాకుండా వస్తువు మొత్తం మీద తిప్పడం, టంకం వేడి వైపు పరిగెత్తుద్ది అని చూపించడం, ఇవన్నీ బాగా చెప్తారు. ఎల్పీజీ టార్చి మాకు, ఆయన మాత్రం పట్టీల గజ్జెల దగ్గరికొస్తే దీపం ముందు ఊదుగొట్టం పెట్టుకుంటారు, బుగ్గల్లో గాలి పట్టి ముక్కుతో పీలుస్తూ ఆగకుండా ఊదడం, మాలో ఎవరికీ రాలేదు. టంకం ఆయనే వెండిలో ఇత్తడి కలిపి మూసలో, అంటే లోహం కరిగించే గిన్నెలో, కరిగించుకుంటారు, కాడ్మియం వాడరు. ఇది తప్పకుండా అడిగి తెలుసుకోండి, ఇక్కడే కాదు ఎక్కడ నేర్చుకున్నా. బంగారం పనిలో కేడీఎం అనేవాళ్లే, ఆ కాడ్మియమే, 767 డిగ్రీలకే ఆవిరైపోద్ది, అంటే మనం అతికే వేడిలోనే పొగై ఊపిరితిత్తుల్లోకి పోతాది, మూత్రపిండాలు కూడా పాడుచేస్తాది. తక్కువ వేడికి పారే టంకం అని చవగ్గా అమ్ముతుంటారు, అందులో ఏం కలిసుందో చెప్పలేని షాపులో కొనకండి.

ఇప్పుడు బాగోని విషయాలు. గాలి ఆడదు. ఆ పొడుగు గదికి ఒకటే కిటికీ, దానికి కూడా కాల్చేటప్పుడు గోనె సంచి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి అని అందరం చెప్పాం, పెట్టిస్తాను పెట్టిస్తాను అంటారు. ఇత్తడిలో జింకు ఉంటాది కాబట్టి టంకం కరిగించే రోజు నేను బయట అరుగు మీద కూర్చుంటాను, మీరూ అలాగే చేయండి. ఆస్తమా ఉన్నవాళ్లు వద్దు, నేరుగా చెప్తున్నా. కళ్లద్దాలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. ఆమ్లం గిన్నె మాత్రం జాగ్రత్తగానే ఉంచుతారు, నీళ్లలో ఆమ్లం పోయాలి గానీ ఆమ్లంలో నీళ్లు పోయకూడదు అని తిట్టి మరీ చెప్తారు, అందులోంచి తీయడానికి వెదురు పట్టకారే, ఇనప పట్టకారు పెడితే అందులో కరిగున్న రాగి వచ్చి వెండి మీద ఎర్రగా పూత పడుద్ది.

రెండోది, పాఠం వరసలో ఉండదు. ఆరోజు కొట్టుకి ఏ పని వస్తే అదే పాఠం. ఒకరోజు కమ్మచ్చులోంచి (తీగ సన్నబడేలా చిల్లులున్న ఇనప పలక) తీగ లాగడం, ఇంకోరోజు విరిగిన మొలతాడు. నోట్సు రాసుకునే అలవాటు ఉన్నవాళ్లకి ఇబ్బంది, నేను ఇంటికొచ్చి రాసుకుంటాను. అడిగినదానికి సమాధానం నోటితో రాదు, చేత్తో చేసి చూపిస్తారు, రెండోసారి అడిగితే ఇంకా మెల్లగా చేసి చూపిస్తారు, మూడోసారి అడిగితే "ధీరే ధీరే బాబూ" అని మన చేతిలో సుత్తి పెట్టేస్తారు. నాకు నచ్చింది, మా బ్యాచ్‌లో బీటెక్ కుర్రాడికి అస్సలు నచ్చలేదు.

మూడోది, ఆడపిల్లలకి విడిగా చోటు గానీ బాత్రూం గానీ లేవు. ఇద్దరు వస్తున్నారు, పక్క ఇంట్లోకి వెళ్లి వస్తారు. ఆచారిగారి భార్య చాలా మంచావిడ, అయినా ఇది చూసుకోవాల్సిన విషయం.

వెండి లెక్కలో మాత్రం వంక పెట్టడానికి లేదు. ఇచ్చేటప్పుడు మన ముందే తూకం, పని అయ్యాక మళ్లీ తూకం, ఆకురాయి పట్టినప్పుడు రాలిన పొడి కాగితంలో పొట్లం కట్టి మనకే ఇచ్చేస్తారు. ఆకురాయి పొడి ఎవరూ తిరిగివ్వరండీ, కొట్టు ఊడ్చిన మట్టికి కూడా కొనుక్కునేవాళ్లు ఉన్నారు. రసీదు మాత్రం క్యాలెండర్ చింపిన ముక్క మీద పెన్సిల్‌తో, అది మార్చుకుంటే బాగుణ్ణు. ఆయన దగ్గర వస్తువు కొనేవాళ్లకి ఇంకో మాట, వెండి మీద హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, 2025 సెప్టెంబర్ 1 నుంచి వెండికీ ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబరు, అంటే ఒక్కో వస్తువుకీ విడిగా ఉండే గుర్తింపు, తెచ్చారు గానీ అది ఇష్టమైతేనే. కాబట్టి పాత పట్టీలు ఇచ్చి 925 రేకు చేయించుకుంటాం అనుకోకండి, వాటిలో రాగి ఎంతుందో పరీక్ష చేయిస్తే గానీ బయటపడదు. నేను శుద్ధ వెండి బిళ్ల కొనుక్కెళ్లి ఆయన ముందే రాగి కలిపించాను, 100 గ్రాముల వెండికి 8 గ్రాములు చిల్లర రాగి.

టూల్స్ గురించి అందరూ అడుగుతున్నారు కాబట్టి అదీ రాస్తున్నా. ఆన్‌లైన్లో బిగినర్ కిట్ అని ఒకటి తెప్పించాను, రంపం ఫ్రేమ్, బ్లేళ్లు, మూడు సుత్తులు, పట్టకారు, మూస, చిన్న టార్చి. ఫ్రేమ్ పర్వాలేదు. బ్లేళ్లు దండగ, ముట్టుకుంటే విరుగుతున్నాయి, బ్లేడు పళ్లు పిడివైపుకి చూస్తుండాలి, కాస్త తేనెమైనం రాయాలి, ఇవన్నీ చేసినా అంతే, విడిగా మంచివి 2/0 సైజు కొనుక్కోవడం నయం. సుత్తులైతే మొహం మీద పోత గుంటలు, అంచులు కత్తిలా ఉన్నాయి, వాటితో కొడితే రేకు మీద నెలవంకలు పడతాయి. అంచులు ఆకురాయితో గుండ్రంగా చేసి, మొహానికి 220 ఎమరీతో మొదలెట్టి 400, 800, 1200 దాకా రుద్ది, ఆపైన బఫ్ పట్టించాక గానీ పనికి రాలేదు. అంత డబ్బు పెట్టి అంత పని మనమే చేసుకోవాలా. కొయ్య సుత్తి మా వీధి వడ్రంగి చింత చెక్కతో చేసిచ్చాడు, కిట్‌లో ఉన్న నైలాన్ దానికంటే అదే బాగుంది. నా సలహా, మొదట్లో ఏమీ కొనకండి, కొట్టులో అన్నీ ఉన్నాయి, చేతికి ఏ బరువు సుత్తి సరిపోతుందో తెలిశాక ఒక్కోటీ కొనుక్కోండి.

ఇంకొందరు పీఎం విశ్వకర్మలో ఫ్రీగా నేర్పుతారు కదా అంటున్నారు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన ఆ పథకంలో 18 వృత్తులున్నాయి, కంసాలి పనీ ఉంది, శిక్షణలో రోజుకి 500 భత్యం, 15,000 టూల్‌కిట్ సాయం కూడా ఉంది, కానీ అది ఇప్పటికే ఆ పని చేసుకుంటున్నవాళ్లకి. మనలాంటి కొత్తవాళ్లకి కాదు.

సన్న తీగ పని, అదే కటక్ తారకసి, మీ మనసులో ఉంటే ఇక్కడికి రాకండి. ఆయనకి వచ్చు గానీ నేర్పరు, అది వేరే చేయి అంటారు. 2024లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చాక దాని గురించి అడిగేవాళ్లు పెరిగారు, దానికి కటక్ వెళ్లాల్సిందే, దసరాకి అమ్మవారి వెనక చాందీ మేఢాలు, అంటే వెండి అలంకారాలు, కట్టే ఊరు అది. కంచు ఇత్తడి కావాలంటే మనకి దగ్గర్లోనే, శ్రీకాకుళం జిల్లా సరవకోట మండలంలో బుడితి ఉంది. కంచు గురించి ఆయన చెప్పింది ఒకటి నాకు భలే నచ్చింది, వెండిని చల్లగా కొడతాం, కంచుని చల్లగా కొడితే గాజులా పగిలిపోద్ది, అందులో తగరం ఐదో వంతు పైగా ఉంటాది కాబట్టి ఎర్రగా ఉండగానే కొట్టాలి, అందుకే అది ఒక్కడి పని కాదు, ఒకడు పట్టుకుని తిప్పుతుంటే ఇద్దరు ముగ్గురు వరసగా దెబ్బలేస్తారు. వెండి ఒంటరోడి పని అని ఆయన సరదాగా అంటారు.

నా గిన్నె అయ్యింది, మేనకోడలి అన్నప్రాసనకి. కుంకుడుకాయ నీళ్లతో బ్రష్ పెట్టి తోమితే మెరుపొచ్చింది. అయితే ఒక వైపు వెలుగులో పెట్టి చూస్తే ఊదా రంగు నీడ, వెండిలోని రాగి కాల్చేటప్పుడు గాలి తగిలి పైపొర కింద పట్టే మచ్చ అది, 925తో ఈ గోల తప్పదు. ఎమరీతో ఆ పొర తీసేయొచ్చు గానీ సమం చేసిన సుత్తి గుర్తులన్నీ పోతాయి, అందుకని ఆచారిగారు ఇంకో దారి చూపించారు, కాల్చి ఆమ్లంలో వేసి తోమడం పదే పదే చేస్తే పైన రాగి కరిగిపోయి శుద్ధ వెండి పొర మిగులుతాది, తెల్లగా పాలలా వస్తాది, మచ్చ కిందకి దాక్కుంటాది. అన్నం పెట్టే గిన్నెకి ఆ తెలుపే బాగుంటుంది అని మా అమ్మ కూడా ఓటేసింది.

5కి 4 ఇస్తున్నా. ఒకటి తగ్గించింది కిటికీ గురించి, ఫ్యాన్ పెట్టిన రోజు మార్చేస్తా. వెళ్లాలనుకునేవాళ్లు పెళ్లిళ్ల సీజన్లో వెళ్లకండి, ఆర్డర్ల ఒత్తిడిలో ఆయన ఎవరికీ చెప్పరు, జూన్ మధ్యలో ఒడియావాళ్ల రజో పండగకి కొట్టు మూసేస్తారు. మిగతా రోజుల్లో పొద్దున్నే వెళ్లండి, కాటన్ బట్టలే వేసుకోండి, పాలిస్టర్ చొక్కాతో కుంపటి దగ్గర కూర్చోనివ్వరు, ఆ విషయంలో ఎంత బతిమాలినా వినరు.